ఆంధ్రప్రదేశ్ పుట్టినరోజు ఏది: అక్టోబరు 1, నవంబరు 1, జూన్ 2?

పెన్నాతీరం (చర్చ ప్రారంభం)

ఏటా నవంబరు 1 దగ్గరపడుతుంటే అదే వాదన మొదలవుతుంది. రాష్ట్ర అవతరణ దినం జరపాలా, జరిపితే ఏ రోజున జరపాలి? 2014కు ముందు ఈ ప్రశ్న ప్రభుత్వానికి ఎదురుకాలేదు. ఆ ఏడాది జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. ఆ తర్వాతి ఏళ్ళలో మన ప్రభుత్వం నవంబరు 1ని పక్కనపెట్టి, జూన్ 2న నవనిర్మాణ దీక్ష జరిపించింది. 2019లో ప్రభుత్వం మారగానే నవంబరు 1 వేడుకలు తిరిగి వచ్చాయి. ఒక రాష్ట్రం పుట్టినరోజు ఎన్నికల ఫలితాన్ని బట్టి మారుతూ ఉండటం నాకు బాధగా ఉంటుంది. పార్టీల సంగతి కాసేపు వదిలేసి చరిత్రను ముందు పెట్టుకుని మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మన రాష్ట్రం పుట్టింది 1953 అక్టోబరు 1న.

ఆ రోజు ఊరికే రాలేదు. 1913లో బాపట్లలో జరిగిన తొలి ఆంధ్ర మహాసభ నాటినుంచి నలభై ఏళ్ళ ఎదురుచూపు దాని వెనక ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా భాషాప్రయుక్త రాష్ట్రాలకు ఇది సమయం కాదని 1948లో ధార్ కమిషన్ చెప్పింది. 1949లో జవహర్‌లాల్, వల్లభభాయి, పట్టాభి సీతారామయ్యల సంఘం ఆంధ్రుల కోరికను కొంత ఒప్పుకుంటూనే, మద్రాసు నగరం మీద ఆశ వదులుకోవాలని షరతు పెట్టింది. 1951లో స్వామి సీతారాం 35 రోజులు నిరాహార దీక్ష చేసి, వినోబా భావే మాట మీద విరమించారు. ఆ తర్వాత పొట్టి శ్రీరాములు గారు. 1952 అక్టోబరు 19న మద్రాసు మైలాపూరులో, బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో దీక్షకు కూర్చున్నారు. 58 రోజులు. డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. ఆంధ్ర జిల్లాలు భగ్గుమన్నాయి. రైల్వే స్టేషన్లు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. నాలుగే రోజుల్లో, డిసెంబరు 19న, ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు చేస్తామని నెహ్రూ ప్రకటించారు. నలభై ఏళ్ళుగా కదలనిది నాలుగు రోజుల్లో కదిలింది, అదీ ఒక మనిషి ప్రాణం పోయాక!

వచ్చే ఏడాది అక్టోబరు 1న కర్నూలులో ఆంధ్ర రాష్ట్రాన్ని నెహ్రూయే ప్రారంభించారు. గవర్నరు చందూలాల్ త్రివేది, ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు. 11 జిల్లాలు, వాటితోపాటు బళ్ళారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు. ఆ 11 జిల్లాల నుంచే తర్వాత ప్రకాశం, విజయనగరం జిల్లాలు ఏర్పడి 13 అయ్యాయి. 2014లో తెలంగాణ వేరుపడ్డాక మనకు మిగిలిన 13 జిల్లాలు అవే.

ఒక విషయం నన్ను మరీ కలచివేస్తుంది. నవంబరు 1న ఊరూరా శ్రీరాములు గారి విగ్రహాలకు పూలదండలు వేస్తాము. ఆయన ప్రాణం పెట్టింది మద్రాసు రాష్ట్రం నుంచి విడివడే ఆంధ్ర రాష్ట్రం కోసం. అది ఏర్పడింది అక్టోబరు 1న. ఆయన దీక్షకు ఫలం అందిన రోజును మనం క్యాలెండరులో ఖాళీగా వదిలేశాము. మా నెల్లూరు జిల్లాకు 2008లో ఆయన పేరు పెట్టారు. జిల్లాకు పేరు పెట్టినవాళ్ళం, ఆయన సాధించిన రోజుకు ఒక సెలవు ఇవ్వలేమా?

బెజవాడ పాఠకుడు

పెన్నాతీరం గారూ, శ్రీరాములు గారి మీద మీకున్న గౌరవం నాకూ ఉంది. కానీ మీ ప్రతిపాదన 58 ఏళ్ళను చెరిపేస్తుంది.

1956 నవంబరు 1 ఒక్క మన రోజే కాదు. దేశపటం మొత్తం ఆ రోజు మారింది. కేరళ పుట్టింది, కన్నడిగుల మైసూరు విస్తరించింది, మధ్యప్రదేశ్ కొత్త రూపు దిద్దుకుంది. ఏ, బీ, సీ భాగాల రాష్ట్రాలన్న తేడా పోయింది. హైదరాబాదులో నిజాం రాజప్రముఖ్ (రాష్ట్రాధినేత) పదవి ముగిసింది. ఒకే భాష మాట్లాడే కోట్లాది జనం తొలిసారి ఒక శాసనసభ కిందకు వచ్చారు. ఆ రోజును మనంతట మనమే వదులుకోవాలా?

తెలంగాణ విడిపోయింది కాబట్టి నవంబరు 1కి అర్థం లేదంటారు కొందరు. మధ్యప్రదేశ్‌ను చూడండి. 2000 సంవత్సరంలో ఛత్తీస్‌గఢ్ వేరుపడింది, అదీ సరిగ్గా నవంబరు 1నే. తన స్థాపన దినం నాడే రాష్ట్రం రెండు ముక్కలైంది. అయినా మధ్యప్రదేశ్ ఇప్పటికీ నవంబరు 1నే పండుగ చేసుకుంటుంది. రాష్ట్రంలో కొంత భాగం వేరుపడితే పుట్టినతేదీ మారదు.

మా నాన్నగారు ఉద్యోగజీవితమంతా హైదరాబాదులో గడిపారు. మా ఇంట్లో ముగ్గురం అక్కడే చదువుకున్నాము. నాగార్జునసాగర్ కట్టింది ఉమ్మడిగా, నీళ్ళు తాగింది ఉమ్మడిగా. అక్టోబరు 1 అనగానే ఆ జీవితమంతా పొరపాటున జరిగినట్టు, మధ్యలో వచ్చిపోయిన అతిథిలా అయిపోతుంది. దానికి నేను సిద్ధంగా లేను.

రాజ్యాంగ పాఠకురాలు

నేను న్యాయశాస్త్రం చదివాను. మూడు చట్టాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ వాదనలో సగం తేలిపోతుంది. విచిత్రంగా మూడింటిలోనూ అసలు విషయం మూడో సెక్షన్‌లోనే ఉంది.

1953 నాటి ఆంధ్ర రాష్ట్ర చట్టం మూడో సెక్షన్: అక్టోబరు 1 నుంచి ఒక కొత్త రాష్ట్రం ఏర్పడుతుంది, దాని పేరు ఆంధ్ర.

1956 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం మూడో సెక్షన్: హైదరాబాదు రాష్ట్రంలోని ఫలానా ప్రాంతాలు ఆంధ్ర రాష్ట్రానికి చేర్చబడతాయి, ఆ రాష్ట్రాన్ని ఇకపై ఆంధ్రప్రదేశ్ అంటారు. ఇక్కడ గమనించండి, కొత్త రాష్ట్రం ఏర్పడుతుందని లేదు. ఉన్న రాష్ట్రానికి భూభాగం కలిసింది, పేరు మారింది. అదే చట్టం కేరళను మాత్రం కొత్త రాష్ట్రంగా ఏర్పాటు చేసింది. కాబట్టి మలయాళీలకు నవంబరు 1 అచ్చమైన జన్మదినం. మనకు ఆ మాట వర్తించదు.

2014 నాటి పునర్వ్యవస్థీకరణ చట్టం మూడో సెక్షన్: నిర్ణీత దినం నుంచి తెలంగాణ అనే కొత్త రాష్ట్రం ఏర్పడుతుంది. ఆ నిర్ణీత దినమే జూన్ 2. మిగిలిన ప్రాంతాలతో ఆంధ్రప్రదేశ్ కొనసాగుతుంది.

చట్టం దృష్టిలో ఈ రాష్ట్రం ఒకసారే పుట్టింది, 1953లో. 1956లో పెరిగింది, 2014లో తగ్గింది. బెజవాడ పాఠకుడు గారు చెప్పిన సూత్రాన్నే తీసుకుందాం: కొంత భాగం వేరుపడితే పుట్టినతేదీ మారదు. నిజమే. అయితే కొంత భాగం వచ్చి కలిసినప్పుడూ మారకూడదు కదా?

పెన్నాతీరం

ఈ వివరం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. దానికి నాదొక ఉదాహరణ. బీహార్ తన దినంగా మార్చి 22ని జరుపుకుంటుంది. 1912లో బెంగాల్ నుంచి వేరుపడిన రోజు అది. ఆ తర్వాత 1936లో ఒడిశా వెళ్ళిపోయింది, 2000లో జార్ఖండ్ వెళ్ళిపోయింది. ఈ రెంటినీ కాదని, ఒక పెద్ద ప్రావిన్సు నుంచి తాము బయటపడిన తొలి రోజునే వాళ్ళు పట్టుకున్నారు. బెంగాల్ నుంచి బీహార్ ఎలాగో మద్రాసు నుంచి ఆంధ్ర అలాగే.

గోదావరి కుడిగట్టు

మీ 11 జిల్లాల లెక్కలో మా ఊరు లేదు.

మాది కుకునూరు మండలం. చాలామందికి మ్యాపులో ఎక్కడుందో కూడా తెలియదు కాబట్టి వివరంగా చెబుతాను. గోదావరికి ఎడమవైపున్న భద్రాచలం 1860లోనే నిజాం చేతినుంచి ఇంగ్లీషువాళ్ళ చేతికి వెళ్ళింది. అందుకని 1953లో అది ఆంధ్ర రాష్ట్రంలో, తూర్పు గోదావరి జిల్లాలో ఉంది. కుడివైపున్న మా ప్రాంతం నిజాం ఏలుబడిలోనే ఉండిపోయి, తర్వాత హైదరాబాదు రాష్ట్రంలో భాగమైంది. మా తాతలు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది 1956 నవంబరు 1న. 1959లో భద్రాచలాన్ని తెచ్చి ఖమ్మం జిల్లాలో కలిపారు.

2014లో ఏమి జరిగిందో చూడండి. పోలవరం ముంపు పేరుతో కుకునూరు, వేలేరుపాడు సహా ఏడు మండలాలను ఆర్డినెన్సుతో ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో ఉండిపోయింది. అంటే 1953లో ఆంధ్ర రాష్ట్రంలో ఉన్న రాములవారి ఊరు ఇవాళ బయట ఉంది. అప్పుడు బయట ఉన్న మేము ఇవాళ లోపల ఉన్నాము.

అక్టోబరు 1 అని మీరంత ధీమాగా చెబుతుంటే, ఆ రోజున మేము వేరే రాష్ట్రం మనుషులం. జూన్ 2 మాకు కన్నీళ్ళ రోజు. మాకున్న ఒకే ఒక్క తేదీ నవంబరు 1. ప్రాజెక్టు కోసం ఇళ్ళు, పొలాలు, శ్మశానాలు వదులుకుంటున్నాము. రాష్ట్రం పుట్టినరోజులోనుంచి కూడా మమ్మల్ని వదిలేస్తామంటే ఎలా?

తుంగభద్ర

కర్నూలు నుంచి రాస్తున్నాను. నాది అక్టోబరు 1 పక్షమే. కానీ నెల్లూరువారి కారణాలు వేరు, మా కారణాలు వేరు. ఆ తేడా చెప్పకపోతే ఈ చర్చ అసంపూర్ణం.

1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని ఒడంబడిక రాసుకున్నారు. కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు, పట్టాభి సీతారామయ్య వంటివారు అందులో ఉన్నారు. విశాఖలోని విశ్వవిద్యాలయానికి అనంతపురంలో మరో కేంద్రం ఉండాలి. తుంగభద్ర, కృష్ణ, పెన్నా నీళ్ళలో వెనకబడిన ప్రాంతానికి పదేళ్ళపాటు, అవసరమైతే ఇంకొన్నాళ్ళు, ముందు వాటా దక్కాలి. రాజధాని ఒకచోట, హైకోర్టు ఇంకోచోట ఉండాలి. రెండింటిలో ఏది కావాలో సీమ కోరుకోవాలి. ఈ మాట ఇచ్చాకే సీమ నాయకులు ఆంధ్రోద్యమంలోకి మనస్ఫూర్తిగా దిగారు. అంతకుముందు ఎన్నో ఏళ్ళు వాళ్ళు అనుమానంగానే ఉన్నారు.

1953 అక్టోబరు 1న ఆ మాటను చాలావరకు నిలబెట్టుకున్నారు. కర్నూలుకు రాజధాని వచ్చింది, గుంటూరుకు వచ్చే ఏడాది హైకోర్టు వచ్చింది. భవనాలు చాలక ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. మా పెద్దవాళ్ళు ఆ గుడారాల గురించి గర్వంగా చెబుతారు, ఎవరూ సిగ్గుపడరు. మూడేళ్ళ నెల రోజులు గడిచాయి. 1956 నవంబరు 1న రాజధానీ హైకోర్టూ రెండూ హైదరాబాదుకు వెళ్ళాయి. తెలుగువాళ్ళంతా ఒకటైతే చాలని ఈ ఊరు తన పీఠాన్ని తానే ఇచ్చింది. ఆ త్యాగానికి ఒక్క స్మారకం కూడా మాకు కనబడదు. 2014 తర్వాత రాజధాని వెతుక్కోవలసి వచ్చినప్పుడు 1937 నాటి మాట ఎవరికీ గుర్తు రాలేదు. 2019 జనవరి 1న హైకోర్టు హైదరాబాదు నుంచి వచ్చింది, అదీ కోస్తాకే.

అక్టోబరు 1 మీద ఇంకో గాయం కూడా ఉంది, దాన్ని దాచకూడదు. అదే రోజున బళ్ళారి మనది కాకుండా పోయింది. మూడు తాలూకాలు మనకు మిగిలాయి. బళ్ళారి పట్టణం, తుంగభద్ర ఆనకట్ట ఉన్న హోస్పేట మైసూరు రాష్ట్రానికి వెళ్ళాయి. మా కాలువలకు నీళ్ళు వదిలే చోటు పొరుగు రాష్ట్రంలో ఉంది. కాబట్టి అక్టోబరు 1 పండుగ చేయండి, తప్పకుండా చేయండి, కానీ కర్నూలులో చేయండి. ఆ రోజు శ్రీబాగ్ ఒడంబడికను బహిరంగంగా చదవండి. విజయవాడ స్టేడియంలో పాటలు పాడించి ముగిస్తామంటే, మాకు ఏ తేదీ అయినా ఒకటే.

ఓరుగల్లు

తెలంగాణవాడిని. మీ రాష్ట్రం పుట్టినరోజు మీ ఇష్టం, అందులో వేలుపెట్టను. కానీ నవంబరు 1 గురించి బెజవాడ పాఠకుడు గారు రాసినదానికి జవాబు చెప్పకుండా ఉండలేను.

ఆ రోజు ఒకే భాష మాట్లాడేవాళ్ళంతా కలిశారన్నారు. ఎలా కలిశారో కూడా చెప్పాలి. ఫజల్ అలీ, పణిక్కర్, కుంజ్రూ సభ్యులుగా ఉన్న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం 1955 సెప్టెంబరు 30న నివేదిక ఇచ్చింది. తెలంగాణను అప్పటికి హైదరాబాదు రాష్ట్రంగా విడిగానే ఉంచమంది. 1961 ప్రాంతంలో జరిగే సాధారణ ఎన్నికల తర్వాత, అక్కడి శాసనసభలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే కలపమంది. ఆ అయిదేళ్ళు ఆగలేదు. దానికి బదులు 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. అటు బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. ఇటు బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతంవారు కావాలన్నది అందులో ఒక షరతు. నవంబరు 1న సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు. ఉపముఖ్యమంత్రి లేరు. ఆ షరతు తొలిరోజే పోయింది.

1969లో మా పిల్లలు ముల్కీ నిబంధనల (స్థానికులకే ఉద్యోగాలనే నియమాల) కోసం వీధుల్లోకి వచ్చి తూటాలకు బలయ్యారు. 1972లో అదే నిబంధనల మీద సుప్రీంకోర్టు తీర్పు వస్తే, మీవైపు జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. రెండు వైపులా విడిపోతామని జనం ప్రాణాలిచ్చిన చరిత్ర అది. కాబట్టి 58 ఏళ్ళ ఉమ్మడి జీవితం అన్నప్పుడు, ఆ ఉమ్మడితనాన్ని మీరూ ఒకసారి వద్దనుకున్నారని గుర్తుంచుకోండి. మమ్మల్ని పోగొట్టుకున్నామనే బాధతో మీరు నవంబరు 1 జరుపుకుంటే, అది మా జ్ఞాపకంతో ఎప్పటికీ కలవదు. తుంగభద్ర గారు చెప్పిన మాట తప్పిన కథ, మా కథ ఒకటే.

బెజవాడ పాఠకుడు

ఓరుగల్లు గారూ, ఒప్పందాలు ఉల్లంఘించారన్నది నిజం. దాన్ని నేను కాదనను. మా పెద్దలు చేసిన అన్యాయం అది. కానీ ఒక రోజును గుర్తుచేసుకోవడం అంటే ఆ రోజు తర్వాత జరిగిన ప్రతి పనినీ సమర్థించడం కాదు. ఆగస్టు 15న దేశవిభజన గాయం లేదా? అయినా జెండా ఎగరవేస్తున్నాము.

నాగావళి

జూన్ 2 తరఫున ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి నేను మాట్లాడతాను. ఇవాళ మనం బతుకుతున్న రాష్ట్రం, ఈ సరిహద్దులతో, ఈ అప్పులతో, ఈ పోర్టులతో మొదలైంది 2014లో. శ్రీకాకుళం నుంచి పొట్టకూటికి హైదరాబాదు వెళ్ళిన వేలాది కుటుంబాలు ఉన్నట్టుండి పొరుగు రాష్ట్రంలో ఉన్న సంగతి ఆ రోజే తెలుసుకున్నాయి. మా పిల్లలకు 1953 చెబితే పాఠంలా వింటారు. 2014 చెబితే వాళ్ళ సొంత కథలా వింటారు. గెలిచిన రోజునే జరపాలని ఎక్కడుంది? దెబ్బ తిన్న రోజున మళ్ళీ లేస్తామని ప్రతిజ్ఞ చేసుకోవడంలోనూ గౌరవం ఉంది.

రాజ్యాంగ పాఠకురాలు

నాగావళి గారూ, మీ బాధ అర్థమవుతుంది. కానీ ఆ రోజు మనకు సొంత ప్రభుత్వం కూడా లేదు. 2014 మార్చి 1 నుంచి రాష్ట్రపతి పాలన ఉంది. జూన్ 2న హైదరాబాదులో తెలంగాణ తొలి ముఖ్యమంత్రి ప్రమాణం చేశారు. మన ముఖ్యమంత్రి ప్రమాణం జూన్ 8న జరిగింది. పొరుగువారు పండుగ చేసుకునే రోజున మనం దీక్ష పడితే, ప్రతి ఏడూ ఇద్దరి మధ్యా పాత కక్ష కొత్తగా మొదలవుతుంది. పిల్లలకు అది నేర్పకండి.

గౌతమీపాయ

యానాంవాణ్ణి. తేదీల గొడవ మాకు కొత్త కాదు కాబట్టి చెబుతున్నాను.

మేము తెలుగువాళ్ళమే, కానీ 1953లోనూ 1956లోనూ మీ రాష్ట్రంలో లేము. 1954 దాకా ఫ్రెంచి పాలన కింద ఉన్నాము. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య గారి నాయకత్వంలో విలీనవాదులు యానాంను స్వాధీనం చేసుకున్నారు. అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గర కీళూరులో ప్రజాప్రతినిధులు 178 మంది ఓటు వేస్తే, 170 మంది భారత్‌లో విలీనాన్ని కోరారు. నవంబరు 1న పాలన చేతులు మారింది. మీకంటే సరిగ్గా రెండేళ్ళ ముందు, అదే తేదీ. అయితే ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం పూర్తయి చట్టబద్ధంగా బదిలీ జరగడానికి 1962 ఆగస్టు 16 దాకా పట్టింది.

చాలా ఏళ్ళు మా పుదుచ్చేరి ప్రభుత్వం ఆగస్టు 16నే ముఖ్యంగా జరిపింది. జనం మాత్రం జెండా మారిన రోజే విమోచన అన్నారు. చివరికి 2014 నుంచి నవంబరు 1ని విమోచన దినంగా అధికారికంగా జరుపుతున్నారు. ఆగస్టు 16ను కీళూరు స్మారకం దగ్గర ఇప్పటికీ గుర్తుచేసుకుంటారు. రాజ్యాంగ పాఠకురాలు గారు చట్టాల్లోని సెక్షన్లు చూపించారు. మా అనుభవంలో సెక్షన్ ఓడిపోయింది, జనం జ్ఞాపకం గెలిచింది. మీ జనానికి ఏది జ్ఞాపకం ఉందో ముందు అడగండి.

మైలాపూరు తెలుగు

ఇంతమంది రాశారు, మద్రాసు తెలుగువాళ్ళను ఒక్కరూ తలచుకోలేదు. శ్రీరాములు గారు కన్నుమూసింది మా వీధులకు దగ్గర్లో. ఆయన స్మారకం ఇక్కడే ఉంది. అక్టోబరు 1న మీకు రాష్ట్రం వచ్చింది. మేము మాత్రం ఆ రోజునుంచి ఉన్న ఊళ్ళోనే భాషాపరమైన మైనారిటీలమయ్యాము. తెలుగు బడులు ఒక్కొక్కటిగా మూతపడుతుంటే చూస్తూ పెరిగాను. 1960లో పటాస్కర్ తీర్పు ప్రకారం తిరుత్తణి కూడా ఇటు వచ్చింది, సత్యవేడు అటు వెళ్ళింది. తిరుత్తణి చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు ఇంకా ఇళ్ళలో ఉంది.

తమిళనాడు కూడా ఇదే ప్రశ్నను ఎదుర్కొంది. అక్కడ నవంబరు 1న సరిహద్దు పోరాటయోధులను గుర్తుచేసుకునేవారు. 2021లో ప్రభుత్వం తమిళనాడు దినాన్ని జూలై 18కి మార్చింది. 1967లో రాష్ట్రానికి ఆ పేరు పెట్టాలని శాసనసభ తీర్మానించిన రోజు అది. అంటే తేదీని ఎంచుకునే స్వేచ్ఛ రాష్ట్రానికి ఉంది. అందుకే నేనొకటి అడుగుతాను. డిసెంబరు 15ను ఎందుకు తీసుకోకూడదు? ఆ రోజు మీదీ, మాదీ. సరిహద్దు గీయక ముందటి రోజు కాబట్టి దాని బయట ఎవరూ లేరు.

పెన్నాతీరం

మైలాపూరు గారూ, మీ మాట చదివి చాలాసేపు ఆలోచించాను. డిసెంబరు 15ను రాష్ట్రమంతా భక్తితో పాటించాలి, అందులో సందేహం లేదు. కానీ అది ఆయన ప్రాణం పోయిన రోజు. ఆయన కోరుకున్నది మరణాన్ని కాదు, రాష్ట్రాన్ని. పిల్లలకు పండుగగా ఇవ్వవలసింది ఆయన కోరుకున్నదాన్నే.

యానాం సోదరుడికి: జనం జ్ఞాపకం గెలవాలన్నది బాగానే ఉంది. కానీ మా జ్ఞాపకం తనంతట తాను ఏర్పడలేదు. 1956 నుంచి 2013 దాకా బడిలో, రేడియోలో, ప్రభుత్వ ప్రకటనల్లో నవంబరు 1 మాత్రమే వినిపించింది. 1953 అక్టోబరు 1న కర్నూలులో ఏమి జరిగిందో పాఠ్యపుస్తకం నాలుగు వాక్యాల్లో దాటేసింది. చెప్పకుండా పెంచి, గుర్తులేదనడం న్యాయం కాదు. పదేళ్ళు చెప్పి చూద్దాం, అప్పుడు జనాన్ని అడుగుదాం.

తుంగభద్ర గారి షరతును నా ప్రతిపాదనలో చేర్చుకుంటున్నాను. అధికారిక ఉత్సవం కర్నూలులోనే జరగాలి. శ్రీబాగ్ ఒడంబడికను చదవాలి. బళ్ళారిని గుర్తుచేసుకోవాలి.

కుకునూరు వారికి జవాబు చెప్పడం నాకు అన్నిటికంటే కష్టం, కానీ తప్పించుకోను. కర్ణాటకలో అందరికీ నవంబరు 1 రాజ్యోత్సవం ఉంది. దానితోపాటు పాత నిజాం జిల్లాలైన కలబురగి ప్రాంతం సెప్టెంబరు 17ను కల్యాణ కర్ణాటక ఉత్సవంగా ప్రభుత్వ లాంఛనాలతో జరుపుకుంటుంది. అలాగే కుకునూరు, వేలేరుపాడు మండలాల్లో నవంబరు 1ని అధికారికంగా జరపాలి. మంత్రి అక్కడికి వచ్చి జెండా ఎగరవేయాలి.

తుంగభద్ర

కర్నూలులో జరపాలన్న మాట మీరు ఒప్పుకున్నారు, సంతోషం. ఒకటి చేర్చండి: గుంటూరు హైకోర్టు సంగతి కూడా ఆ రోజు చెప్పాలి. ఒక ప్రాంతానికి రాజధాని ఇస్తే రెండో ప్రాంతానికి న్యాయస్థానం ఇచ్చారని, అది సాధ్యమేనని, రెండేళ్ళకు పైగా అలాగే నడిచిందని పిల్లలకు తెలియాలి.

గోదావరి కుడిగట్టు

పెన్నాతీరం గారూ, మీరు మర్యాదగా జవాబిచ్చారు, కాబట్టి నేనూ మర్యాదగానే కాదంటున్నాను. మీరు చూపించిన కర్ణాటక ఉదాహరణ మీకే ఎదురు తిరుగుతుంది. కలబురగివాళ్ళకు సెప్టెంబరు 17 అదనంగా దక్కింది. నవంబరు 1 అక్కడ మైసూరువాళ్ళదీ, కలబురగివాళ్ళదీ, అందరిదీ. మీరు మాకు ఇస్తున్నది దానికి తలకిందులు. అందరి పండుగ మేము లేని రోజున పెట్టి, మా రెండు మండలాలకు విడిగా ఇంకో రోజు కేటాయిస్తున్నారు. మంత్రి గారు వచ్చి జెండా ఎగరవేసినా అది మా ఊరి జాతరే అవుతుంది, రాష్ట్రం పండుగ కాదు. పైగా పోలవరం నిండితే ఆ జెండా ఎక్కడ ఎగరవేస్తారు? పునరావాస కాలనీలోనా? నా ఓటు నవంబరు 1కే.